ఉప్పు తూచినవాడు

నౌపడ నుంచి వచ్చే రైలు
గుణుపురంలో ఆగాక ఇంకెక్కడికీ పోదు.
పట్టాలు అక్కడితో సరి.
ఎండుచేపల వాసన మాత్రం దిగి
సంతదాకా నడుస్తుంది.

ఆ వాసనకి ఎదురుగా నా టీకొట్టు.
గోడకి టీవీ. గురువారం రాత్రి తొమ్మిదికి
చిన్నప్పటి కథల్ని ఠాణాకి లాక్కెళ్ళే సీరియల్.
మొన్నటిది పదకొండో భాగం:
ఏడు చేపలు.

గోడౌనుకి ఏడు పెట్టెలొచ్చాయి. ఆరు పొడి.
ఏడోదాని అడుగున తడి,
తడిలో మేనేజరు చెయ్యి,
చేతికి ఇంకా నడుస్తున్న వాచీ.

ఇన్‌స్పెక్టరమ్మ అందర్నీ అడిగింది.
గడ్డి లారీవాడు డెయిరీవాణ్ణి చూపించాడు,
డెయిరీవాడు పాలేరుని,
పాలేరేమో అన్నం పెట్టని హోటలు ముసలమ్మని,
ముసలమ్మ, ఏడుపు మానని మనవణ్ణి.
మనవడు వాచిన వేలు చూపించాడు.

చివరికి దొరికింది
చీమ అని పిలిచే పదేళ్ళ పిల్ల.
గోడౌను లేవకముందు వాళ్ళ గుడిసె అక్కడే.
బేడీ వేస్తే చేతిలోంచి జారిపోయింది.
మళ్ళీ వేశారు. మళ్ళీ జారింది.
మూడోసారి పిల్లే దాన్ని పట్టుకుని నిలబడింది.
"నా పుట్టలో వేలు పెడితే" అంటూ ఉండగానే
సబ్బు ప్రకటన.

తెల్లారి మొదటి టీ పొయ్యకముందే
బల్ల మీద తీర్పులు మొదలు.
లారీలు కడిగే దాలయ్య
ఆ పిల్ల భలే చేసిందన్నాడు,
రాత్రి ముద్ద దిగలేదన్నాడు, పొద్దున్న రెండు బన్నులు తిన్నాడు.
పిల్లల కథలో శవమేంటని
డ్రిల్లు మాస్టారు బల్ల గుద్దాడు,
పాత బాకీ ఉండి కూడా గట్టిగానే గుద్దాడు.

మైలపల్లి పోలమ్మ గంప దించింది.
"ఏటి దర్యాప్తది?
సేప ఎండనేదంటే ఉప్పు తక్కువేసినట్టు.
నలబై ఏళ్ళయి ఎండబెడతన్నాను.
గడ్డి అడ్డమొస్తే జరిపీడమే గదా!
ఉప్పు తూసినోణ్ణి ఒక్కలూ అడగనేదు."

హవల్దారు కృపాసింధుకి తెలుగు రాదు.
సీరియలంతా మొహాలే చూశాడు.
"కిఏ కలా?" అన్నాడు, ఎవరు చేశారని.
దాలయ్య లారీవాడన్నాడు. మాస్టారు ముసలమ్మన్నాడు.
నేను నిజం చెబుదామని ఒడియాలోకి దిగాను.
చీమ అంటే పింపుడి. పుట్ట అంటే ఉయిహుంక.
ఆయన గ్లాసు కింద పెట్టాడు.
ఉయిహుంక కట్టేది చెదపురుగు కదా,
చెద కుట్టదు కదా,
అందులో పింపుడి ఉందంటే అద్దెకుండాలి;
ఇల్లెవరిదో తేలకుండా
కేసెలా రాశారు?

బల్లంతా నవ్వింది.
నా చేతిలో, మాట మారే దారిలో,
చీమకి బెయిలు దొరికేసింది.
ఆయన నవ్వలేదు. టోపీ తీసి
లోపల ఏదో రాసి ఉన్నట్టు చూసుకున్నాడు.

కొండచీపుర్ల సొంబారి
అప్పటిదాకా కట్ట మీద కూర్చునే ఉంది.
సవర ఇంట్లో, ఒడియా బడిలో,
తెలుగు సంతలో నేర్చింది.
ఆ మూడో భాషలో అడిగింది:
"పిల్లని తీసుకుపోయారు కదా,
పుట్టలో ఇప్పుడెవరున్నారు?"

వచ్చే గురువారం చూపిస్తారేమో అన్నాను.
"చూపించరు" అంది,
చీపురుకట్ట తాడు బిగిస్తూ.

పోలమ్మ ఆమెకి నెత్తళ్ళు తూచింది.
ముల్లు నిలబడ్డాక
ఇంకో గుప్పెడు వేసింది, లెక్కలో లేనిది.
సొంబారి ఒకటి నాలిక మీద పెట్టుకుని
మొహం ముడిచింది, ఉప్పెక్కువని.

"ఎక్కువే ఏస్తాను" అంది పోలమ్మ,
గంప నెత్తికెత్తుకుంటూ.
"రేపెవులూ వొచ్చి నన్నడక్కుండా."